హారాలు తీసేద్దాం రండి: బస్తరు సంతలో ఒక బీజగణిత పాఠం

నేను జగదల్‌పూర్‌కి బదిలీ మీద వచ్చి రెండేళ్ళు కావస్తోంది. విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే రైల్లో, అరకు సొరంగాలు దాటుకుంటూ వస్తున్నప్పుడు మా అమ్మాయి నన్నడిగిన మొదటి ప్రశ్న: "నాన్నా, అక్కడ లెక్కలు కూడా హిందీలోనే చెబుతారా?" అని. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుందనీ, మాస్టారు వివరించేది హిందీలో ఉంటుందనీ, అర్థం కానిది ఇంట్లో తెలుగులో నేను చెబుతాననీ ధైర్యం చెప్పాను. బదిలీ ఉత్తర్వు అందుకున్న ప్రతి బ్యాంకు ఉద్యోగీ పిల్లలకిచ్చే హామీయే ఇది. నిలబెట్టుకోవడం ఎంత కష్టమో మీకందరికీ తెలుసు.

కిందటి ఫిబ్రవరి చివర్లో ఆ హామీ గడువు తీరింది. ఎనిమిదో తరగతి వార్షిక పరీక్షలకు ముందు బడిలో పెట్టిన నమూనా పరీక్షలో, 'ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు' అన్న పాఠం మీద అమ్మాయికి 25కి 9 మార్కులు వచ్చాయి. పేపరు నా చేతికిచ్చి, "నాకు లెక్కలు రావు నాన్నా. వదిలెయ్," అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు అంత బెంగ ఉండేది కాదు. పదమూడేళ్ళ పిల్ల అంత మామూలుగా, కరెంటు పోయిందన్నట్టు చెప్పడమే గుచ్చుకుంది.

పేపరు తిరగేశాను. భిన్నాలు లేని సమీకరణాలన్నీ ఒప్పే. భిన్నం కనబడిన ప్రతిచోటా తప్పే. ఆ రాత్రి కూర్చోబెట్టి, మా మాస్టారు నాకు చెప్పినట్టే చెప్పాను: "ఇటున్నది అటు పంపితే గుర్తు మారుతుంది. పైనున్నది కిందికి, కిందున్నది పైకి." అమ్మాయి ఒక్క మాటడిగింది: "ఎందుకు?"

ఎంబీయే చదివినవాణ్ణి. ప్రాజెక్టు రుణాల అప్రైజలులో రకరకాల నిష్పత్తులు చూస్తాను. కానీ ఆ 'ఎందుకు'కి నా దగ్గర జవాబు లేదు. కంప్యూటరులో షీటు తెరిచి అంకెలేస్తే జవాబు అదే వచ్చే ఉద్యోగంలో ఇరవయ్యేళ్ళు గడిపాక, ఆ ప్రశ్న అడగడమే మర్చిపోయానని అప్పుడు తెలిసింది.

ఆ వారాంతంలో జరిగిన సంగతే ఈ వ్యాసానికి మూలం. మన బ్యాంకు కుటుంబాల్లో ఇదే పాఠం దగ్గర ఆగిపోయిన పిల్లలుంటే, వాళ్ళతో కూర్చుని చదవండి.

చింతచెట్టు కింద లెక్క

బస్తరులో ఫిబ్రవరి, మార్చి నెలలు చింతపండు కాలం. ఊళ్ళల్లో ఆడవాళ్ళు చింతకాయలు రాల్చి, ఎండబెట్టి, పెంకు తీసి సంతకు తెస్తారు. జగదల్‌పూర్ చింతపండు మార్కెట్టుకు దేశమంతటా పేరుంది. తరవాత ఇప్పపువ్వు కాలం వస్తుంది. అటవీ ఉత్పత్తి అమ్ముకునే స్వయం సహాయక బృందాలు మా బ్రాంచిలో చాలా ఉన్నాయి. 1992లో నాబార్డు ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన బృందాల అనుసంధానం ఇవాళ మన బ్రాంచీలన్నిటికీ రోజువారీ పనే కదా.

అలాంటి ఒక బృందానికి మార్చి ముగింపులోగా ఒక వాయిదా కట్టాల్సి ఉంది. సంత రోజైతే అందరూ ఒకచోట దొరుకుతారని ఆదివారం బయల్దేరాను. ఇంట్లో పుస్తకం ముందేసుకుని గోడకేసి చూస్తున్న అమ్మాయిని కూడా బండెక్కించుకున్నాను.

వెళ్ళేసరికి చింతచెట్టు కింద వాదన నడుస్తోంది. బృందంలో పన్నెండు మంది. ఇంటికి ఇన్ని బుట్టలని లెక్కపెట్టుకుని అందరూ సమానంగా చింతపండు తెచ్చి ఒకచోట చేర్చారు. మొదటి సంతకు నలుగురి వాటా, రెండో సంతకు ముగ్గురి వాటా ఒక వ్యాపారికి తోలారు. మిగిలిన సరుకు ఊళ్ళోనే కాటా వేస్తే 15 క్వింటాళ్ళు తూగింది. వ్యాపారి మాత్రం రెండు సంతలకూ కలిపి 20 క్వింటాళ్ళని చీటీ రాసిచ్చాడు. ఆ ఇరవై సరైనదా కాదా? కిలో 30 రూపాయలనుకున్నా, ఒక్క క్వింటాలు తేడా వస్తే మూడు వేలు. నెల వాయిదాలో అది చిన్న మొత్తం కాదు.

నేను జేబులోంచి పెన్ను తీశాను. మనసులో సమీకరణం కూడా రాసుకున్నాను: మొత్తంలో మూడో వంతు, మొత్తంలో నాలుగో వంతు, ఇంకా 15... ఈలోగా బృందం అధ్యక్షురాలు నేల మీద పన్నెండు చింతగింజలు పరిచింది. నాలుగు గింజలు ఒక పక్కకు జరిపింది. మూడు గింజలు ఇంకో పక్కకు జరిపింది. మిగిలిన అయిదు గింజల మీద అరచెయ్యి ఆనించి హిందీలో అంది: "ఈ అయిదూ పదిహేను. అంటే గింజకి మూడు. వెళ్ళినవి ఏడు గింజలు. ఇరవై ఒకటి కావాలి. ఒక క్వింటాలు తగ్గింది."

నా పెన్ను ఇంకా మూత తియ్యలేదు.

మా అమ్మాయి నా చొక్కా లాగి, "నాన్నా, ఆవిడ భిన్నాలు వాడలేదు కదా!" అంది. ఆ మాటలో ఈ పాఠం మొత్తం ఉంది. భిన్నాలున్న లెక్కను భిన్నాలతో చెయ్యక్కర్లేదు. ముందు వాటిని తీసేసే దారి చూడాలి.

మూడు ఎలా వచ్చింది?

ఇంటికొచ్చాక ఆ లెక్కనే సమీకరణంగా రాయమన్నాను. ఇంగ్లీషు పుస్తకాల్లో తెలియని సంఖ్యకు ఇంగ్లీషు అక్షరం వాడతారు. ఇక్కడ నేను 'య' అని రాస్తాను. ఇది నా సొంత ఏర్పాటు కాదు. మన పూర్వపు బీజగణిత గ్రంథాల్లో తెలియని రాశిని 'యావత్తావత్' అనేవారు, అంటే 'ఎంతో అంత' అని. దాని మొదటి అక్షరం 'యా'నే లెక్కల్లో రాసేవారు.

మొత్తం చింతపండు 'య' క్వింటాళ్ళు అనుకుంటే:

య/3 + య/4 + 15 = య

3, 4 లకు కనిష్ఠ సామాన్య గుణిజం, అంటే క.సా.గు., 12. దానితో గుణిస్తే హారాలు పోతాయని అమ్మాయికి తెలుసు. ఇలా రాసింది:

4య + 3య + 15 = 12య
15 = 5య
య = 3

"మూడు వచ్చింది, ఆవిడకీ మూడే వచ్చింది," అని సంతోషపడింది. "మొత్తం చింతపండు మూడు క్వింటాళ్ళా? మిగిలిందే పదిహేను కదా?" అన్నాను. మొహం మళ్ళీ వాడిపోయింది.

నిజానికి ఈ తప్పులో గొప్ప సంగతి ఉంది. నాకూ ఆ రాత్రే తెలిసింది. అమ్మాయి రాసిన రెండో వరుస మొత్తం గురించి అయితే తప్పు. కానీ అదే వరుసలో 'య' బదులు 'వ' అని, ఒక్కొక్కరి వాటా అనుకుని చదవండి:

4వ + 3వ + 15 = 12వ

నాలుగు వాటాలు, మూడు వాటాలు, పదిహేను క్వింటాళ్ళు కలిస్తే పన్నెండు వాటాలు. ఇది అక్షరాలా ఆ చింతగింజల లెక్క. వ = 3. కాబట్టి మొత్తం 12 × 3 = 36 క్వింటాళ్ళు. అమ్మాయి వేరే ప్రశ్నకు సరైన జవాబు రాసింది. తెలియనిది 'మొత్తం' అని మొదలుపెట్టి, మధ్యలో తనకు తెలియకుండానే 'వాటా'కి మారిపోయింది.

తెలియనిది మొత్తమే అయితే, పన్నెండుతో గుణించేటప్పుడు 15ని కూడా గుణించాలి:

12 × య/3 + 12 × య/4 + 12 × 15 = 12 × య
4య + 3య + 180 = 12య
180 = 5య
య = 36

రెండు దారులూ ఒకే ఊరికి వెళ్తాయి. మొత్తాన్ని పన్నెండింతలు చేసి చూడొచ్చు, లేదా పన్నెండో వంతును కొత్త కొలతగా పెట్టుకోవచ్చు. రెండూ కలిపేస్తేనే దారి తప్పుతాం.

కొత్త కొలత పెట్టుకోవడం మనకు కొత్తేం కాదు. మా అమ్మమ్మ ముప్పావు మానిక బియ్యం అనేది కాదు, మూడు సోలలు అనేది. నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక. కొలత చిన్నదైతే భిన్నం పూర్ణ సంఖ్య అయిపోతుంది. బస్తరు సంతల్లో పాయిలీ అనే కొలపాత్రతో ఇప్పటికీ ధాన్యం, ఇప్పపువ్వు కొలిచి అమ్మేవాళ్ళున్నారు. వాళ్ళూ చేసేది ఇదే.

అన్నిటినీ ఎందుకు గుణించాలి?

ఇప్పుడు అమ్మాయి అడిగిన 'ఎందుకు' దగ్గరికి వద్దాం. సమీకరణం అంటే త్రాసు. '=' గుర్తు ముల్లు. ముల్లు నిలువుగా నిలబడి ఉంది, రెండు తట్టలూ సమానం. ముల్లు కదలకూడదంటే ఒక తట్టకు చేసిందే రెండో తట్టకూ చెయ్యాలి.

ఒక తట్టలో మూడు మూటలున్నాయి: య/3, య/4, 15. ఆ తట్టను పన్నెండింతలు చెయ్యడమంటే మూడు మూటలనూ పన్నెండింతలు చెయ్యడమే. రెండు మూటలు పెంచి, పదిహేను మూటను అలాగే వదిలేస్తే తట్ట తేలిపోతుంది. పదిహేనుకు హారం లేదు కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదని పిల్లలనుకుంటారు. ఈ పాఠంలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.

'అటు పంపితే గుర్తు మారుతుంది' అన్నదీ త్రాసు సంగతే. అటు ఏదీ వెళ్ళదు. య − 7 = 10 అని ఉంటే, రెండు తట్టల్లోనూ 7 వేస్తాం. ఎడమ పక్క −7, +7 కలిసి సున్నా అవుతాయి. కుడి పక్క 10 + 7 కనబడుతుంది. చూసేవాళ్ళకు ఏడు గుర్తు మార్చుకుని దూకినట్టుంటుంది. దూకడం చూశాం కానీ, రెండు చోట్లా వెయ్యడం చూడలేదు. క్రీ.శ. 820 ప్రాంతంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' అన్న మాటకు అర్థం, లోటు పడ్డదాన్ని పూడ్చి తిరిగి నిలబెట్టడం. బీజగణితానికి ఇంగ్లీషు పేరు వచ్చింది అక్కణ్ణుంచే.

ఇది మన ఇంటి విద్యే

క.సా.గు. పట్టుకుని హారాలను ఒక దారికి తేవడం పాశ్చాత్యుల నుంచి వచ్చిందనుకునేవాణ్ణి. కాదు. క్రీ.శ. 850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన 'గణితసారసంగ్రహం'లో దాన్ని 'నిరుద్ధం' అన్నాడు. ఆ సంస్కృత గ్రంథాన్ని సుమారు 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో మొదటి గణిత గ్రంథంగా దాన్నే చెబుతారు. అంటే మహాభారతం తెలుగులోకి వచ్చిన రోజుల దగ్గర్లోనే భిన్నాల లెక్కలూ తెలుగులోకి వచ్చాయి.

1150లో భాస్కరాచార్యుడు రాసిన 'లీలావతి'లో ఈ జాతి లెక్క ఒకటుంది. నా మాటల్లో చెబుతాను. ఒక భక్తుడి దగ్గర కొన్ని తామరలున్నాయి. మూడో వంతు శివుడికి, అయిదో వంతు విష్ణువుకి, ఆరో వంతు సూర్యుడికి, నాలుగో వంతు అమ్మవారికి సమర్పించాడు. మిగిలిన ఆరు పూలు గురువు పాదాల దగ్గర పెట్టాడు. మొత్తం ఎన్ని?

గింజల పద్ధతిలో చేద్దాం. 3, 5, 6, 4 లకు క.సా.గు. 60. కాబట్టి అరవై గింజలు. శివుడికి 20, విష్ణువుకి 12, సూర్యుడికి 10, అమ్మవారికి 15. కలిపితే 57. మిగిలినవి 3 గింజలు. ఆ మూడు గింజలూ ఆరు పూలు. గింజకి రెండు పూలు. మొత్తం 120 పూలు.

భాస్కరుడు దీన్ని 'ఇష్టకర్మ' అన్నాడు. మనకిష్టమైన, హారాలన్నిటికీ లొంగే సంఖ్యను మొత్తంగా అనుకుని లెక్క నడిపించడం, చివర ఎన్నింతలు తేడా వస్తే అన్నింతలు పెంచడం. అంతకు చాలా ముందు, సుమారు క్రీ.పూ. 1550 నాటి ఈజిప్టు పపైరసు చుట్టలో అహ్మెస్ అనే లేఖకుడు రాసిన లెక్కల్లోనూ ఇదే పద్ధతి కనబడుతుంది. 'ఒక రాశి, దానిలో ఏడో వంతు కలిస్తే 19' అన్నది అక్కడి లెక్క. అతను ముందు 7 అనుకుని మొదలుపెట్టాడు. ఏడే ఎందుకంటే, హారం ఏడు.

బస్తరు రాజవంశం తాము ఓరుగల్లు కాకతీయుల సంతతి అని, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చాడని చెప్పుకుంటుంది. ఆ రాజుల వెంట లెక్కలూ ఇటు నడిచొచ్చాయని నేననను. పద్యంలో చెప్పినా, పపైరసు మీద రాసినా, నేల మీద గింజలు పరిచినా ఆలోచన ఒకటే అని మాత్రం అంటాను. ఆ అధ్యక్షురాలు ఏ పుస్తకమూ చదవలేదు. ఆవిడకు అవసరం ఉంది, అంతే.

రివర్సల్ ఎంట్రీ లాంటి మైనస్

ఇక పిల్లలు తడబడే రెండో చోటు. భిన్నం పైన రెండు పదాలుండి, ముందు మైనస్ ఉన్నప్పుడు:

(య + 1)/2 − (య − 2)/3 = 4

క.సా.గు. 6. ఆరుతో అన్నిటినీ గుణిస్తే:

3(య + 1) − 2(య − 2) = 24

ఇక్కడ బ్రాకెట్లు పెట్టడం మర్చిపోకూడదు. భిన్నం గీత పైనున్నదంతా ఒకే మూట, గీతే దానికి తాడు. గీత తీసేసినప్పుడు తాడు ఊడిపోకుండా బ్రాకెట్టు కట్టాలి. తరవాత విప్పితే:

3య + 3 − 2య + 4 = 24
య + 7 = 24
య = 17

చాలామంది '− 2య − 4' అని రాస్తారు. మా అమ్మాయీ అలాగే రాసి 25 తెచ్చింది. మైనస్ రెండూ మైనస్ రెండూ ప్లస్ నాలుగు ఎందుకయిందని అడిగితే, ఈసారి బ్యాంకు భాషలోనే చెప్పాను. ఒక ఖాతాదారుడికి కొంత మొత్తం జమ చేసి, అందులోంచి 2 రూపాయలు చార్జీ పట్టుకున్నాం. అతనికి నికరంగా చేరింది (య − 2). ఆ ఎంట్రీ పొరపాటని తేలి రివర్స్ చేస్తే ఏం జరుగుతుంది? జమ చేసింది వెనక్కి తీసుకుంటాం. పట్టుకున్న చార్జీ తిరిగి ఇచ్చేస్తాం. అంటే − య + 2. జమ వెనక్కి తీసుకుని, చార్జీ మళ్ళీ ఇంకోసారి పట్టుకుంటే ఖాతాదారుడు ఊరుకుంటాడా? బ్రాకెట్టు ముందు మైనస్ అంటే రివర్సల్. ఇక్కడ రెండు ఎంట్రీలు రివర్స్ చేస్తున్నాం కాబట్టి చార్జీ కింద 4 తిరిగొచ్చింది. వోచరులో ఉన్న ప్రతి పద్దూ తిరగబడుతుంది, ఏదో ఒకటే కాదు.

వంటింట్లోంచి మా ఆవిడ, "ఇన్నాళ్ళకి నాకూ అర్థమైంది," అంది.

అడ్డ గుణకారం ఎప్పుడు?

మూడో చోటు, తెలియనిది హారంలోనే ఉన్నప్పుడు. అమ్మాయికి 13, నాకు 43. ఎన్నేళ్ళ తరవాత తన వయసు నా వయసులో అయిదింట రెండు వంతులవుతుంది?

(13 + య)/(43 + య) = 2/5

ఇటొక భిన్నం, అటొక భిన్నం ఉంటే పిల్లలు అడ్డ గుణకారం చేస్తారు. అదీ మంత్రం కాదు. రెండు తట్టలనూ 5 తోనూ, (43 + య) తోనూ గుణించామంతే. ఎడమ పక్క (43 + య) కొట్టుకుపోయి 5 మిగులుతుంది. కుడి పక్క 5 కొట్టుకుపోయి (43 + య) మిగులుతుంది:

5(13 + య) = 2(43 + య)
65 + 5య = 86 + 2య
3య = 21
య = 7

ఏడేళ్ళ తరవాత తనకు 20, నాకు 50. ఇరవై బై యాభై, అయిదింట రెండు వంతులే.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, అడ్డ గుణకారం రెండు పక్కలా ఒక్కొక్క భిన్నమే ఉన్నప్పుడు పనికొస్తుంది. మన చింతపండు సమీకరణంలా మూడు నాలుగు పదాలుంటే క.సా.గు. దారే పట్టాలి. రెండు, హారం సున్నా కాకూడదు. సున్నా మందికి పంచడమన్నది లేదు. య/(య − 3) = 3/(య − 3) అని ఉంటే, హారాలు కొట్టేసి య = 3 అని రాసేస్తాం. కానీ 3 పెట్టి చూస్తే హారం సున్నా. ఆ సమీకరణానికి జవాబే లేదు.

టాలీ కాకుండా బ్రాంచి మూయం కదా

సాయంత్రం క్యాషు టాలీ కాకుండా మనలో ఎవరం ఇంటికి వెళ్ళం. పది రూపాయలు తేడా వచ్చినా కూర్చుని వెతుకుతాం. కానీ మన పిల్లలు సమీకరణం చేసి, జవాబు కింద గీత గీసి, పక్క లెక్కకు వెళ్ళిపోతారు. సరిచూసుకోవడం ఒక్క నిమిషం పని. వచ్చిన సంఖ్యను మొదటి సమీకరణంలోనే పెట్టాలి. మధ్య వరుసల్లో పెడితే, మధ్యలో చేసిన తప్పు దొరకదు.

చింతపండు లెక్కలో 36 పెడితే: 12 + 9 + 15 = 36. టాలీ. 3 పెడితే: 1 + ముప్పావు + 15 అంటే 16 ముప్పావు. అది 3 కాదు. రెండో లెక్కలో 17 పెడితే: 18/2 = 9, 15/3 = 5, తేడా 4. టాలీ. 25 పెడితే: 26/2 = 13, 23/3 అంటే ఏడుకు పైగా, తేడా అయిదు పైచిలుకు. పేపరు దిద్దేవాళ్ళు చెప్పకముందే తప్పు మనకు తెలిసిపోయింది.

నా దృష్టిలో ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైనది ఇదే. 'నాకు లెక్కలు రావు' అనే పిల్లలకు నిజంగా రానిది లెక్క కాదు. తాము చేసింది ఒప్పో తప్పో తెలుసుకోవడానికి ఇంకొకరి ఎర్రసిరా కోసం ఎదురుచూడటమే వాళ్ళను భయపెడుతుంది. ఆ అధ్యక్షురాలు చీటీ చూసి భయపడలేదు. వ్యాపారి రాసిందీ సంఖ్యే, తనకు వచ్చిందీ సంఖ్యే. తనది సరిచూసుకోగలదు కాబట్టి నిలబడి అడిగింది. తరవాతి సంతలో ఊరి కాటా చీటీ ముందు పెట్టి, గింజలు మళ్ళీ పరిచి లెక్క చెప్పాక ఆ క్వింటాలు డబ్బు చేతికొచ్చింది. మార్చి వాయిదా సమయానికి జమైంది.

మా అమ్మాయి వార్షిక పరీక్ష రాసింది. లెక్కల్లో మొదటి మార్కేమీ రాలేదు. కానీ సమీకరణాల్లో ఒక్క మార్కూ పోలేదు. ప్రతి లెక్క కింద పెన్సిలుతో సరిచూసుకున్న వరుస ఉందని తనే చెప్పింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. 'వదిలెయ్' అన్న మాట మళ్ళీ వినలేదు.

చివరగా మన పిల్లలకొక లెక్క. ఒక ఉద్యోగి జీతంలో మూడో వంతు ఇంటి రుణం వాయిదాకు, అయిదో వంతు పిల్లల చదువుకు, నాలుగో వంతు ఇంటి ఖర్చులకు పోయింది. 13,000 రూపాయలు మిగిలాయి. జీతమెంత? గింజలతో ఒకసారి, సమీకరణంతో ఒకసారి చెయ్యండి. జవాబు నేను ఇవ్వడం లేదు. టాలీ అయిందో లేదో మీకే తెలుస్తుంది.